గీజరు మార్చవలసిన సమయం ఎలా తెలుసుకోవాలి?



పాడి ఉన్న ఇంటికి వేడినీళ్ళు స్నానం కోసమే కాదు. తెల్లవారుజామున పాలు పితికే ముందు పొదుగు కడగడానికి గోరువెచ్చని నీళ్ళు కావాలి. కేంద్రంలో పాలు పోసి వచ్చాక క్యాను, బిందె, వడపోత గుడ్డ శుభ్రం చేయడానికి వేడినీళ్ళు కావాలి. ఈనిన గేదెకు కుడితి కలపడానికీ కావాలి. ఒకప్పుడు ఈ పనంతా పెరట్లో పొయ్యిమీది కాగు చేసిపెట్టేది. నేడు ఆ బాధ్యత చాలా ఇళ్ళలో గోడకు బిగించిన గీజరుమీద, అది లేనిచోట బకెట్లో ముంచే హీటరు కడ్డీమీద పడింది.

కాగు చిల్లుపడితే మాటు వేయించుకునేవాళ్ళం. ఆ కాగు మరో పదేళ్ళు నడిచేది. గీజరు విషయంలో మాత్రం ఏది మాటుతో పోయేది, ఏది మాటుకు లొంగనిది అన్నది చాలామందికి తెలియడం లేదు. సంఘాలకు వెళ్ళినప్పుడు మేము రెండు రకాల ఇళ్ళు చూస్తున్నాము. ఒక ఇంట్లో చిన్న థర్మోస్టాట్ చెడిపోతే గీజరంతా పోయిందనుకుని వేలకు వేలు పోసి కొత్తది కొంటారు. మరో ఇంట్లో కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటున్నా, "అది ఎప్పుడూ అంతేనండీ, స్విచ్చి కట్టేసి పట్టుకుంటాం" అని సరిపెట్టుకుంటారు. మొదటి ఇంటికి పోయేది డబ్బు మాత్రమే. రెండో ఇంట్లో మనిషి ప్రాణం, పశువు ప్రాణం రెండూ పందెంలో ఉన్నాయి.

కాబట్టి గీజరు ఎప్పుడు బాగుచేయించాలి, ఎప్పుడు మార్చాలి అన్నది ఈ సంచికలో కాస్త వివరంగా చెబుతాము. సూత్రం ఒక్కటే. గీజరు అంటే దాని ట్యాంకు. ట్యాంకు పోతే గీజరు పోయినట్లే. మిగిలినవన్నీ ఊడదీసి మార్చుకోదగిన భాగాలు. షాకు మాత్రం ఈ లెక్కలో చేరదు. షాకు కొట్టిన క్షణంనుంచి, కారణం తేలేదాకా ఆ గీజరు వాడకూడదు.

లోపల ఏముంటుంది?

పైకి కనిపించే రేకు లేదా ప్లాస్టిక్ డొల్ల వట్టి తొడుగు. దాని లోపల వేడి బయటికి పోకుండా నురుగులాంటి పొర ఉంటుంది. దానికీ లోపల అసలు ట్యాంకు. అది స్టెయిన్‌లెస్ స్టీలుదైనా కావచ్చు, లోపలి వైపు గాజు ఎనామెల్ పూత పూసిన ఉక్కుదైనా కావచ్చు. పాతవాటిలో రాగి ట్యాంకులూ ఉన్నాయి. ట్యాంకులోకి దూర్చి బిగించిన ఎలిమెంటు నీళ్ళు కాస్తుంది. మన మెకానిక్కులు దీన్నే కాయిల్ అంటారు. నీళ్ళు తగినంత కాగగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. అది పనిచేయకపోతే ఆఖరి కాపలాగా కటౌట్ ఉంటుంది. చన్నీటి గొట్టం దగ్గర సేఫ్టీ వాల్వు ఉంటుంది.

వీటితోపాటు ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటుంది. దాన్ని యానోడ్ అంటారు. ఎనామెల్ పూతలో ఎక్కడో వెంట్రుకవాసి బీటలు లేకుండా ఉండవు. ఆ బీటల్లోంచి నీరు ఉక్కును తినకుండా, ఈ కడ్డీ ముందు తాను కరిగిపోతుంది. పొలం గట్టుమీద వేసిన ముళ్ళకంచెలాంటిదన్నమాట. కంచె ఉన్నంతకాలం పైరు క్షేమం. కడ్డీ పూర్తిగా కరిగిపోయిన తర్వాత నీరు ట్యాంకుమీద పడుతుంది. గీజరు కొన్నప్పుడు ఈ కడ్డీ గురించి చెప్పే దుకాణదారు అరుదు. సంవత్సరానికి ఒకసారి దాన్ని తీయించి చూసుకుని, సన్నబడితే కొత్తది వేయించుకున్న ఇంట్లో ట్యాంకు ఎక్కువకాలం నిలుస్తుంది. మా దృష్టిలో గీజరుకు ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

నీళ్ళు కాగడం లేదా? ముందు ఓల్టేజి చూడండి

"పూర్వం అరగంటలో కాగేవి, ఇప్పుడు గంటైనా కాగడం లేదు" అన్నది మేము తరచు వినే ఫిర్యాదు. దీన్ని ఒక చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు 860 కిలోకేలరీల వేడి ఇస్తుంది. 25 లీటర్ల గీజరులో 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాయాలంటే 25ని 35తో గుణించాలి. అంటే 875 కిలోకేలరీలు. దాదాపు ఒక యూనిట్. మన గీజర్లలో ఎక్కువ భాగం 2,000 వాట్లవి కనుక ఒక యూనిట్‌కు అరగంట పడుతుంది. 15 లీటర్లదైతే 18 నిమిషాలు చాలు. చలికాలంలో మిద్దెమీది ట్యాంకు నీళ్ళు రాత్రంతా చల్లబడి 18 డిగ్రీలకు దిగితే, అదే 25 లీటర్లకు 37 నిమిషాలు దాకా పడుతుంది. అరకులోనూ ఆదిలాబాద్‌లోనూ సంక్రాంతి రోజుల్లో నీళ్ళు ఆలస్యంగా కాగితే గీజరును తప్పుపట్టనక్కరలేదు.

ఈ లెక్క 230 ఓల్టులు సరిగా వస్తేనే. ఓల్టేజి తగ్గితే వేడి అంతకు మించి తగ్గుతుంది. 180 ఓల్టులు వస్తున్న ఊళ్ళో 2,000 వాట్ల ఎలిమెంటు సుమారు 1,225 వాట్ల పనే చేస్తుంది. అరగంట పని 49 నిమిషాలవుతుంది. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ గీజరు వేసి, అది ముసలిదైపోయిందని అనుకోవడం న్యాయం కాదు. కొత్త గీజరు తెచ్చి బిగించినా ఆ వేళకు అదీ అంతే ఆలస్యం చేస్తుంది. అందుచేత మొదట వేరే వేళలో, గడియారం పెట్టుకుని పరీక్షించండి. స్టెబిలైజరుమీదో మీటరుమీదో ఓల్టేజి చూడండి. ఓల్టేజి సరిగా ఉండి కూడా ఆలస్యమైతేనే గీజరు సంగతి.

నీళ్ళు అసలు కాగకపోతే చింత తక్కువ. సాధారణంగా లోపం ఎలిమెంటులోనో థర్మోస్టాట్‌లోనో ఉంటుంది, లేదా కటౌట్ పడిపోయి ఉంటుంది. మూడూ మార్చుకోదగినవే. ఒక పూట పని. ట్యాంకు గట్టిగా ఉన్నప్పుడు ఎలిమెంటు కాలిపోయిందని గీజరు పారవేయడం, పలుపు తెగిందని గేదెను అమ్ముకోవడంలాంటిది.

సున్నం నీళ్ళ ఊళ్ళు

పల్నాడు, బేతంచర్ల, తాండూరు ప్రాంతాల్లో నేలే నాపరాయి. నాపరాయి అంటే సున్నపురాయే. అక్కడి బోరునీళ్ళలో కాల్షియం కరిగి ఉంటుంది. నీళ్ళు వేడెక్కినప్పుడు అది విడిపోయి తెల్లని పెంకులా ఎలిమెంటును పట్టుకుంటుంది. అన్నం గిన్నె అడుగున, టీ కాచే గిన్నె అంచున మీరు చూసే తెల్లపొర ఇదే. ఒక మాట ఇక్కడే చెప్పాలి. నల్గొండ వైపు సభ్యులు కొందరు దీన్ని ఫ్లోరైడ్ అనుకుంటున్నారు. అది వేరు, ఇది వేరు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, గీజరును ఏమీ చేయదు. మనిషి ఎముకలకు, పళ్ళకు చేటు చేస్తుంది. గీజరును పాడుచేసేది సున్నం.

సున్నం పట్టిన ఎలిమెంటు కరెంటు మామూలుగానే తీసుకుంటుంది. దాని వేడి నీళ్ళకు అందడం కష్టమై, ఎలిమెంటు తానే ఎర్రగా కాలిపోతుంది. పై తొడుగు పగులుతుంది. పగిలినచోట నీటికి కరెంటు తగులుతుంది. షాకుకు ఒక ముఖ్యకారణం ఇది. థర్మోస్టాట్ చుట్టూ సున్నం పేరుకుంటే ఆ వేడికి మోసపోయి అది ముందే కరెంటు ఆపేస్తుంది. నీళ్ళు గోరువెచ్చగానే మిగిలిపోతాయి. ఊడిన పెంకులు అడుగున చేరి ట్యాంకులో చోటు తింటాయి.

సున్నం చేరిందని తెలుసుకోవడానికి చెవి చాలు. నీళ్ళు కాగుతుండగా లోపలినుంచి పేలాలు వేగినట్లు చిటపటలు, గులకరాళ్ళు కదిలినట్లు చప్పుడు వస్తుంది. రెండో గుర్తు బకెట్ల లెక్క. 25 లీటర్ల గీజరులోని 60 డిగ్రీల నీళ్ళను చన్నీళ్ళతో కలిపి స్నానానికి తగినట్లు 40 డిగ్రీలకు తెస్తే లెక్కప్రకారం 58 లీటర్లు కావాలి. నష్టం పోను దాదాపు మూడు బకెట్లు. గీజరు కొత్తగా ఉన్నప్పుడు మూడు బకెట్లు వచ్చి, ఇప్పుడు రెండో బకెట్ సగంలోనే చల్లబడుతోందంటే లోపల తేడా ఉన్నట్లే.

దీనికీ గీజరు మార్చనక్కరలేదు. ఎలిమెంటు విప్పించి, పెంకు రాల్చి, ట్యాంకు అడుగు కడిగిస్తే చాలు. గట్టి నీళ్ళున్న ఊళ్ళలో ఏడాదికోసారి, చలికాలం ముందు ఈ పని పెట్టుకోవాలి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో సున్నం కరుగుతుంది. కొందరు మెకానిక్కులు పని తొందరగా తెమలాలని బాత్‌రూములు కడిగే ఘాటైన యాసిడ్ పోస్తారు. అది సున్నంతోపాటు ట్యాంకునూ తింటుంది. దగ్గరుండి వద్దని చెప్పండి. థర్మోస్టాట్‌ను 55, 60 డిగ్రీల మధ్య ఉంచుకుంటే సున్నం పట్టడం తగ్గుతుంది. అందరికంటే ఎక్కువ వేడిమీద పెట్టుకున్న ఇంటికే మెకానిక్కు తరచు వస్తుంటాడు.

కారుతున్నప్పుడు

కారడం చూడగానే కంగారు పడవద్దు, అలాగని ఊరుకోనూ వద్దు. ఎక్కడినుంచి కారుతున్నదో చూడాలి.

నీళ్ళు కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వు దగ్గర చుక్కలు పడడం లోపం కాదు. వేడికి నీరు వ్యాకోచిస్తుంది. 25 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు మూడువందల యాభై మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసుడు నీళ్ళు అదనమవుతాయి. అవి వాల్వుగుండా బయటికి పోవాలి, పోనివ్వాలి. గోడ తడుస్తోందని ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసిన ఇళ్ళు, సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టిన ఇళ్ళు మేము చూశాము. దయచేసి అలా చేయవద్దు. థర్మోస్టాట్ చెడినరోజున ఆ ఒత్తిడి పోవడానికి వేరే దారి ఉండదు. ట్యాంకు పేలుతుంది. వాల్వు కింద ఒక సన్నని గొట్టం పెట్టి మోరీలోకి వదిలితే సరిపోతుంది. కరెంటు ఆపి ఉన్నప్పుడు కూడా వాల్వు ధారగా కారుతుంటే వాల్వు మార్చాలి. గీజరును కాదు.

గొట్టాల బిగింపుల దగ్గర కారితే వాషరో టేపో మార్చితే ఆగుతుంది. ఎలిమెంటు బిగించిన బిళ్ళ దగ్గర కారితే దాని రబ్బరు వాషరు పోయిందన్నమాట.

ఈ మూడుచోట్లా కాకుండా, డొల్ల అడుగునుంచి, మరల రంధ్రాలనుంచి, ఎక్కడినుంచో తెలియకుండా నీళ్ళు వస్తుంటే ట్యాంకు చిల్లుపడింది. నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ముందు మెయిన్ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకండి. బయట అంతా పొడిగుడ్డతో తుడవండి. ప్రతి బిగింపుకూ, వాల్వుకూ ఎండిన వార్తాపత్రిక ముక్క చుట్టండి. గంట తర్వాత చూడండి. కాగితాలన్నీ పొడిగా ఉండి, అడుగునుంచి మాత్రం నీళ్ళు రాలుతుంటే ఇక సందేహం లేదు.

చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగు పెట్టిస్తామనేవాళ్ళు ఉన్నారు. ఎనామెల్ ట్యాంకుకు వెల్డింగు పెడితే ఆ వేడికి చుట్టూ ఉన్న పూత రాలిపోతుంది. ఒక చిల్లు మూసి నాలుగు చిల్లులకు దారి తీసినట్లవుతుంది. పైగా కారిన నీళ్ళతో లోపలి పొర నానిపోయి, వైర్లదాకా తడి చేరుతుంది. కాగుకు వేసిన మాటు దీనికి పనికిరాదు. ఇది మార్చవలసిన గీజరు. ఇక్కడ రెండో అభిప్రాయం లేదు.

ఎర్రనీళ్ళు, దుర్వాసన

తెల్లవారి మొదటగా వచ్చే వేడినీళ్ళు ఒక గాజు గ్లాసులో పట్టి, తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. పక్కనే చన్నీళ్ళ గ్లాసు కూడా పెట్టండి. రెండూ ఎర్రగా ఉంటే దోషం బోరుదో పాత ఇనుప గొట్టాలదో. వేడినీళ్ళు మాత్రమే తుప్పురంగులో ఉంటే, అదీ నాలుగు రోజులు వరుసగా కనిపిస్తే, మెగ్నీషియం కడ్డీ అయిపోయి నీరు ట్యాంకును తింటోందని అర్థం. వెంటనే కడ్డీ మార్పిస్తే కొన్నిసార్లు ట్యాంకు దక్కుతుంది. కొత్త కడ్డీ వేశాక కూడా ఎర్రనీళ్ళు ఆగకపోతే, కొత్త గీజరుకు డబ్బు సిద్ధం చేసుకోవచ్చు. చిల్లు ఎంతో దూరంలో లేదు.

పాడి ఇళ్ళవారు ఈ తుప్పునీళ్ళను అందరికంటే ఎక్కువగా పట్టించుకోవాలి. ఇనుము, రాగి అంశాలు ఏమాత్రం అంటినా పాలలోని కొవ్వు త్వరగా చెడి, వెన్నకు నెయ్యికి కమటు వాసన వస్తుంది. వేడినీళ్ళు ఎర్రగా వస్తున్నన్నాళ్ళు పాలపాత్రలకు పొయ్యిమీద కాచిన నీళ్ళే వాడండి.

వేడినీళ్ళకు కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మాత్రం భయపడి గీజరు మార్చకండి. కొన్ని బోరునీళ్ళలోని సూక్ష్మజీవులు మెగ్నీషియం కడ్డీ ఉన్నచోట ఈ వాసన పుట్టిస్తాయి. ఒకసారి బాగా వేడెక్కించి నీళ్ళన్నీ వదిలేస్తే తగ్గుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే వేరే లోహపు కడ్డీ వేయించుకోవాలి. గీజరుకు దీనివల్ల చేటు లేదు, కానీ ఆ వాసన ఉన్న నీళ్ళు క్యాను కడగడానికి పనికిరావు.

పాత్రల సంగతి వచ్చింది కనుక ఒక పాత మాట మళ్ళీ చెబుతున్నాము. పాలపాత్రను మొదటే వేడినీళ్ళతో కడగకూడదు. పాల మాంసకృత్తులు వేడికి గట్టిపడి అంటుకుపోతాయి. ముందు చన్నీళ్ళతో తొలిచి, తర్వాత బట్టల సోడా కలిపిన వేడినీళ్ళతో తోమి, మంచినీళ్ళతో తొలిచి, ఎండలో బోర్లించాలి. గీజరు నీళ్ళు కడగడానికి సరిపోతాయి. క్రిములు చావడానికి మరిగే నీళ్ళు పోయాలంటే అది పొయ్యి పనే. గీజరు సరిగా కాయని రోజుల్లో ఇల్లాలు చన్నీళ్ళతోనే పాత్ర కడిగి సరిపెట్టుకుంటుంది. ఆ సాయంత్రం కేంద్రంలో ఆ ఇంటి పాలు విరిగాయని తిరిగి వస్తాయి. గీజరు బాగుచేయించడానికి వెనుకాడిన డబ్బు అలా పాలబిల్లులో పోతుంది.

షాకు

కుళాయి దగ్గర చెయ్యి జిల్లుమంటే అది "కొద్దిపాటి కరెంటు" కాదు. ఎలిమెంటు తొడుగు పగిలిందో, లోపల వైరు డొల్లకు తగిలిందో, దానితోపాటు ఎర్తింగు కూడా పనిచేయడం లేదో. ఎర్తింగు బాగా ఉంటే చెయ్యి జిల్లుమనక ముందే ఫ్యూజు పోవాలి. అంటే మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు లోపాలున్నాయి. పొడికాళ్ళతో జిల్లుమన్న కరెంటే స్నానంచేస్తూ తడిసిన ఒంటికి ప్రాణాంతకం.

పశువుకు ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని నాలుగు కాళ్ళూ తడినేలమీదే ఉంటాయి. ముందుకాళ్ళకు వెనుకకాళ్ళకు మధ్య దూరం ఎక్కువ. నేలలోకి పారిన కరెంటు ఒక జత కాళ్ళనుంచి మరో జతకు పోయే దారిలో గుండె ఉంటుంది. మనకు తెలియని కరెంటు కూడా దానికి తగులుతుంది. స్నానాలగది గొట్టాన్నే కొట్టందాకా పొడిగించుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ గొట్టం ఇనుపదైతే గీజరులో పుట్టిన కరెంటు తొట్టిదాకా నడిచిపోతుంది. గేదె తొట్టిదగ్గర నీళ్ళలో మూతి పెట్టి వెనక్కి లాక్కుంటున్నదా? నాలుకతో గతుకుతూ, ఎప్పటిలా గటగటా తాగడం లేదా? పితికేటప్పుడు కారణం లేకుండా కాళ్ళు మార్చి మార్చి వేస్తూ, సరిగా చేపడం లేదా? రోగం ఉందేమో డాక్టరుకు చూపించండి. దానితోపాటు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తొట్టిలో, గొట్టంలో కరెంటు ఉందేమో కూడా చూపించండి.

షాకు కనిపించగానే మెయిన్ ఆపాలి. గీజరు ప్లగ్గు పీకి, మనిషి వచ్చేదాకా అలాగే ఉంచాలి. తరచు ఎలిమెంటు మార్చితే బాగవుతుంది. కానీ పదేళ్ళు దాటిన గీజరులో షాకుకు తోడు డొల్ల తుప్పుపట్టి, లోపలి వైర్లు పెళుసుబారి ఉంటే బాగుచేయించవద్దనే మేము చెబుతాము. ఎర్త్ గుంటను కూడా ఆ చేత్తోనే చూపించుకోండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంట వేసవిలో ఎండిపోతుంది. రెండు బిందెలు నీళ్ళు పోస్తుండాలి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి. నేలకు కరెంటు పారుతోందని పసిగట్టగానే అది కళ్ళుమూసి తెరిచేలోపు సరఫరా ఆపేస్తుంది. దానిమీది పరీక్ష బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. అది మాటిమాటికీ పడిపోతోందని పక్కకు తప్పించి వైరు కలిపించుకోవడం, కుక్క మొరుగుతోందని కట్టేసి దొంగకు తలుపు తీసినట్లే.

ప్లగ్గు నల్లబడినా, కరిగినా అది గీజరు తప్పు కానక్కరలేదు. 2,000 వాట్లకు దాదాపు 9 ఆంపియర్లు పారుతాయి. దీనికి 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు ఉండాలి.

కుళాయిలోంచి నీళ్ళతోపాటు ఆవిరి బుసకొడుతూ వస్తే, థర్మోస్టాట్, కటౌట్ రెండూ పనిచేయడం లేదని గ్రహించండి. ట్యాంకులో నీళ్ళు మరుగుతున్నాయి. కరెంటు ఆపి, గంటసేపు అటువైపు ఎవరూ వెళ్ళకుండా చల్లారనివ్వండి.

హీటరు కడ్డీలు

గీజరును బాగుచేయిస్తాము. హీటరు కడ్డీని బాగుచేయించకూడదు. తొడుగుమీద పగులు కనిపించినా, పైన ప్లాస్టిక్ టోపీ చిట్లినా, వైరు మొదలు దగ్గర మాడినా, నీళ్ళు జిల్లుమన్నా ఆ రోజుతో దాని ఆయువు తీరింది. 1,500 వాట్ల కడ్డీ 20 లీటర్ల బకెట్‌ను 25 నుంచి 60 డిగ్రీలకు కాయడానికి 33 నిమిషాలు తీసుకుంటుంది. ఆ అరగంటలో పిల్లలు అటు వెళ్ళకుండా చూసుకోవాలి. కడ్డీ గుర్తుదాకా మునిగాకే స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్ వద్దేవద్దు. కొట్టంలో కడ్డీ వాడకండి.

గ్యాస్ గీజరు, సోలార్

గ్యాస్ గీజరు ఉన్నవారికి ఒక్క ముఖ్యవిషయం. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మారి మసి పడుతుంటే గ్యాస్ సరిగా కాలడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. దానికి రంగూ వాసనా లేవు. స్నానాలగదిలో తలనొప్పి, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే బయటికి రావాలి. ఈ గీజరును కొత్తదైనా సరే, స్నానాలగదిలోపల బిగించకూడదు. గాలి ఆడే బయటిగోడకే బిగించాలి.

సోలార్ హీటరులో ట్యాంకు సంగతి పైన చెప్పినదే. గాజుగొట్టాలను మాత్రం విడిగా చూడాలి. గొట్టం కొసన అద్దంలాంటి వెండి మచ్చ ఉంటుంది. అది తెల్లబడితే ఆ గొట్టంలోని శూన్యం పోయింది. ఆ ఒక్క గొట్టం మార్చుకుంటే చాలు.

వయసు, ఖర్చు, కొత్తది

గీజరుకు ఇన్నేళ్ళు అని ఆయువు రాసిపెట్టలేము. గోదావరి కాలువ నీళ్ళ ఊళ్ళో పదిహేనేళ్ళు నడిచేది నాపరాయి నేలలో సగం కాలానికే అలసిపోవచ్చు. అయితే ఎనిమిది, పదేళ్ళు దాటిన గీజరుకు కొత్తదాని ధరలో సగానికి మించి మరమ్మతు ఖర్చు చెబితే కొత్తది కొనడమే మేలు. ఒకే ఏడాదిలో ఎలిమెంటు రెండుసార్లు కాలితే ముందు నీళ్ళు, ఓల్టేజి చూపించండి. గీజరు మార్చినా ఆ రెండూ మారవు.

కొత్తది కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని కింద ఐ.ఎస్. 2082 సంఖ్య చూడండి. కడ్డీ హీటరుకైతే అది ఐ.ఎస్. 368. నలుగురైదుగురు ఉండి, పాలపాత్రలు కూడా కడుక్కునే ఇంటికి 25 లీటర్లది తగినది. తక్షణం కాస్తుందని చెప్పే 3 లీటర్ల, 3,000 వాట్ల రకం ఓల్టేజి తక్కువున్న ఊళ్ళకు పనికిరాదు. స్టార్ల గురించి చాలామంది పొరపడుతున్నారు. ఎక్కువ స్టార్లుంటే నీళ్ళు త్వరగా కాగవు. కాగిన నీళ్ళు ఎక్కువసేపు వేడిగా నిలుస్తాయి. గ్యారంటీ కార్డులో ట్యాంకుకు ఎన్నేళ్ళు, ఎలిమెంటుకు ఎన్నేళ్ళు అని విడివిడిగా రాసి ఉంటుంది. చూడవలసింది ట్యాంకు అంకె. కార్డుమీద దుకాణదారు ముద్ర, కొన్న తేదీ వేయించుకుని పాల పాసుపుస్తకంతోపాటు దాచుకోండి. యానోడ్ కడ్డీ ఎక్కడ దొరుకుతుందో ఆ రోజే అడిగి తెలుసుకోండి.

దించిన పాత గీజరును "కాస్త జిల్లుమంటుంది గానీ పనిచేస్తుంది" అని చెప్పి పాలేరుకో పొరుగింటికో ఇవ్వకండి. రాగి ట్యాంకుదైతే పాత సామాన్లవాడు తూకానికి మంచి ధరే ఇస్తాడు. ఏదైనా సరే, వాకిలి దాటించే ముందు దాని వైరును మొదలంటా కోసి ఇవ్వండి.